పోస్టరు వెనకాల గొంతు

టీచరమ్మ ఆ పరాయి దేశపు ఊళ్ళో దిగిన రోజున ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూటు డైరెక్టరు ఆమె ముఖంకేసి చూశాడు. చేతిలో ఉన్న ఫోటోకేసి చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా గుమ్మంవైపు చూశాడు, అసలు మనిషి ఇంకా మెట్లెక్కి వస్తోందేమో అన్నట్టు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనేనండి."

"ఇందులో తెల్లగా ఉన్నారే."

ఆ ఫోటోని ఆమె అప్పుడే మొదటిసారి పరాయి కళ్ళతో చూసింది. ఇంటి దగ్గర బస్టాండు పక్క స్టూడియో ఆయన, తన దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ చేసినట్టే ఆమెకీ రంగు నాలుగు ఛాయలు పెంచి ఇచ్చాడు. పెళ్ళిచూపులకైనా ఉద్యోగానికైనా ఆయనది ఒకటే చెయ్యి. అడగనూ లేదు, చెప్పనూ లేదు. ఆమె పట్టించుకోనూ లేదు.

పెళ్ళికి ముందునుంచీ ఇంగ్లీషు చెప్పిన మనిషి ఆమె. ఈ డైరెక్టరే ఫోనులో గంటసేపు మాట్లాడి, ఇంత స్పష్టమైన గొంతు ఈమధ్య వినలేదని మెచ్చుకుని మరీ పిలిపించాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, టీ తాగుతారా అని అడిగేంత మెత్తగా చెప్పుకొచ్చాడు. తనకైతే ఎవరి మీదా ఏమీ లేదట. కానీ ఇక్కడి తల్లిదండ్రులు ఇంగ్లీషు పంతులమ్మ అంటే తెల్లగా ఉంటేనే నమ్ముతారట. పైగా ఫోటో మార్చి పంపడం మోసం కిందికి వస్తుందట.

"నేను పైవాళ్ళకి ఒక్క మాట చెప్తే ఇక్కడ ఉద్యోగం చేసే మీ పర్మిటు పోతుంది. చెప్పనులెండి. మీరు నేను చెప్పినట్టు నడుచుకోండి, చాలు."

కింద వీధిలో భర్త పెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. కూతురు చిట్టి ఆయన ఒళ్ళో నిద్రపోతోంది. ఆయన బస్సు కండక్టరు. భార్యకి పెద్ద ఉద్యోగం వచ్చిందని సొంత ఉద్యోగం వదిలేసి, టికెట్ల సంచీ తోటివాడికి బహుమతిగా ఇచ్చేసి వచ్చాడు. ఇక్కడ ఆయనకి పని చేసే అనుమతి లేదు. వంట చేయడం, చిట్టిని బడికి తీసుకెళ్ళడం, అంతే.

"ఏమన్నారు?" అన్నాడు.

"బాగా మాట్లాడారు," అంది టీచరమ్మ.

ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

కళ్ళజోళ్ళ కొట్టు పైన రెండో అంతస్తులో ఉండేది ఆ ఇన్‌స్టిట్యూటు. ముందువైపు మెట్ల దగ్గర నిలువెత్తు పోస్టరు ఒకటి. అందులో ఒక పొడుగాటి తెల్లాయన, ఆయన పక్కన బంగారు రంగు జుట్టావిడ, ఆవిడ చేతిలో తెరిచిన పుస్తకం. ఆ జుట్టావిడ ఎవరో ఇన్‌స్టిట్యూటులో ఎవరికీ తెలియదు. ఎక్కడో అమ్మకానికి పెట్టిన బొమ్మ కొనుక్కొచ్చి అతికించారు. సాయంత్రాలు ఇళ్ళకి ఫోను చేసి పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది ఆవిడేనని పిల్లల తల్లిదండ్రులందరూ అనుకునేవారు. ఆవిడకొక పేరు కూడా పెట్టారు. గొంతు మాత్రం టీచరమ్మది.

ఆమె వెనకవైపు మెట్లెక్కి, చెత్తడబ్బాల పక్కనుంచి లోపలికి రావాలి. ఆమెకిచ్చింది ఒకప్పటి సామాన్ల గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి స్పాంజి కొట్టారు. ఒక బల్ల, ఒక ఫోను, ఒక దీపం. కిటికీ లేదు. తలుపు పక్క మేకుకి నీలం రంగు పనిమనిషి ఆప్రాను వేలాడుతుండేది.

"తల్లిదండ్రులెవరైనా ఎదురుపడితే అది వేసుకోండి. నోరు మాత్రం విప్పకండి. మీ గొంతు వాళ్ళకి తెలుసు," అన్నాడు డైరెక్టరు.

పోస్టరులోని పొడుగాయన మాత్రం నిజంగానే ఉన్నాడు. ఆయన పుట్టిన దేశంలోనూ ఇంగ్లీషు బళ్ళో నేర్చుకునేదే. ఓడలో వంటవాడిగా తిరిగి తిరిగి ఈ ఊళ్ళో దిగితే, డైరెక్టరు వీధిలో చూసి, ఆ ఎత్తూ ఆ రంగూ నచ్చి ఉద్యోగంలో పెట్టుకున్నాడు. పొద్దున్నే టీచరమ్మ ఆయనకి ఆ రోజు పాఠం నేర్పేది, పదింటికి ఆయన దాన్ని పిల్లలకి అప్పజెప్పేవాడు. కూరలో ఉప్పు వేసినట్టు ఇంగ్లీషులో చిన్న చిన్న మాటల్ని తోచినచోటల్లా చల్లేవాడు పాపం.

"పిల్లలు పుస్తకంలో లేనిది అడిగితే ఏం చేస్తారు?" అని ఆమె ఒకసారి అడిగింది.

"దగ్గుతాను," అన్నాడు. "దగ్గుతూ బయటికి పోతాను. గంట కొట్టేదాకా రాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె చెయ్యి ఆప్రాను మీదికి పోయింది, ఆయన పుస్తకం మూసేశాడు. వచ్చింది నీళ్ళ సీసాలవాడు. పొడుగాయన ముఖంలోనూ నెత్తురుచుక్క లేకపోవడం ఆమె అప్పుడే గమనించింది.

భయం ఆమెకి ఒంటికి పట్టిన జబ్బులా తయారైంది. వీధిలో పోలీసు కనబడితే అవతలి వైపుకి దాటేది. బజారులో ఎవరైనా పిల్లల తల్లిలా కనబడితే బేరం మానేసి వేలు చూపించి కొనేది. చిట్టి బస్సులో గట్టిగా పాట పాడితే నోరు మూసేది. "దాన్నెందుకే అలా కసురుతావు?" అనేవాడు భర్త. తను నోరు జారితే, ఎవరో ఒకరు చిట్టి తరగతి గదిలోకి వచ్చి, పిల్లని మధ్యలో లేపి తీసుకుపోయి విమానం ఎక్కించేస్తారని ఆమె ఊహ. మెలకువలోనే ఆ దృశ్యం కళ్ళకి కట్టేది.

అన్ని భయాల మధ్యా ఒక్క ఫోను కోసం మాత్రం ఆమె ఎదురుచూసేది. రొట్టెల కొట్టు పిల్ల ఫోను అది. చిట్టి కంటే రెండేళ్ళు పెద్దదేమో. బళ్ళో నోరు విప్పదని తల్లి ఫోను పాఠాలకి పెట్టింది. మొదట్లో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. టీచరమ్మ తొందరపెట్టలేదు. తనే ఒక కథ సగం చెప్పి ఆపేసేది. ఆ మిగతా సగం కోసం ఆ పిల్ల ఒక మాట, తర్వాత ఒక వాక్యం, ఆఖరికి పేజీలకి పేజీలు చదవడం మొదలుపెట్టింది. పిల్ల చదువుతుంటే టీచరమ్మ ఇవతలనుంచి "ఊఁ... ఊఁ..." అనేది. చిన్నప్పుడు అమ్మమ్మ కథలకి ఊఁ కొట్టిన అలవాటు అది, ఆమెకే తెలియకుండా వచ్చేసేది. ఆ దేశంలో అలా ఊఁ కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. పిల్లకది ఎంతో నచ్చింది. టీచరు ఊఁ అనకపోతే చదవడం ఆపేసి, "ఉన్నారా?" అని అడిగేది.

ఒకరోజు మధ్యాహ్నం టీచరమ్మ వెనక మెట్లెక్కుతుంటే పైనుంచి ఒకావిడ, ఒక పిల్ల దిగుతున్నారు. ఆవిడ చేతిలో ఖాళీ రొట్టెల బుట్ట. ఇన్‌స్టిట్యూటు వాళ్ళకి రొట్టెలు ఇచ్చి వెళ్తున్నట్టుంది. వాళ్ళెవరో టీచరమ్మకి అర్థమైపోయింది. ఆప్రాను గదిలో ఉంది. గోడకి ఒత్తుకుని, కుక్కిన పేనులా తల దించుకుని నిలబడింది.

ఆవిడ పలకరింపుగా నవ్వి దాటిపోయింది. పిల్ల మాత్రం ఆగింది. కొత్త ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఎవరు కనబడినా చెప్పాలని ఉంటుంది కదా, "మా పిల్లికి పొద్దున మూడు పిల్లలు పుట్టాయి," అని ఇంగ్లీషులో అంది. "ఒక్కదానికీ కళ్ళు ఇంకా తెరుచుకోలేదు."

"ఊఁ," అంది టీచరమ్మ.

అంటున్నానని తెలిసేసరికే అనేసింది.

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. తల్లి కొంగు పట్టుకు లాగినట్టు ఆవిడ కోటు లాగి, వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది. టీచర్ అన్న మాట ఒక్కటే టీచరమ్మకి తెలిసింది. తల్లి వెనక్కి తిరిగి, ఆమె చీపురు పట్టే మనిషో కాదో తేల్చుకుంటున్నట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరే కదా?" అంది పిల్ల.

టీచరమ్మ కాదని తల ఊపింది. పిల్ల మళ్ళీ అడిగింది. ఆమె మళ్ళీ ఊపింది. పిల్ల ఆమె ముఖంలోకి చూస్తూనే మెట్లు దిగిపోయింది.

సాయంత్రం ఫోను చేస్తే పిల్ల చదవలేదు. "మీ పేరేంటి?" అని అడిగింది. టీచరమ్మ పోస్టరు పేరు చెప్పింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

ఇంటికి రాగానే భర్త అన్నం వడ్డించాడు. ఆమె కంచం ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, ఫోటో దగ్గర్నుంచీ అంతా చెప్పేసింది. ఆయన చిట్టిని పక్కగదిలోకి పంపి వచ్చాడు.

"ఇన్నాళ్ళూ టికెట్టు లేని ప్రయాణికురాలిలా వణుక్కుంటూ కూర్చున్నావా," అన్నాడు. "టికెట్టు నీ చేతిలోనే ఉంది కదే. నువ్వు టీచరువని పిలిచారు, టీచరు పనే చేశావు."

"ఫోటో?"

"ఆ ఫోటో సంగతి చెకింగువాళ్ళనే అడుగుదాం. పర్మిట్లు చూసే ఉద్యోగాల ఆఫీసుకి పోదాం."

"వద్దండీ. పంపించేస్తే? చిట్టి బడి?"

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు ఆయన. ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. అది విన్నాక ఆమె భయం తగ్గలేదు గానీ, ఒంటరిగా మొయ్యడం తప్పింది.

మర్నాడు పొద్దున ముందు రొట్టెల కొట్టుకి వెళ్ళారు. పిల్లతో ఆడిన అబద్ధం ముందు సరిదిద్దుకోవాలని ఆమె పట్టు. వచ్చీరాని ఆ దేశపు మాటల్లో, గల్లాపెట్టె ముందు నిలబడి, ఫోనులో పాఠం చెప్పేది తనేనని చెప్పింది. బడి సంచీతో పక్కనే నిలబడ్డ పిల్ల నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

తల్లి ముఖం బిగుసుకుంది. "మేం చేర్చింది పోస్టరులో ఆవిడ దగ్గర," అంది. అని, వాళ్ళ ఎదురుగానే డైరెక్టరుకి ఫోను కలిపింది.

వాళ్ళు వీధి చివరికి చేరకముందే టీచరమ్మ ఫోను మోగింది. డైరెక్టరు గొంతులో మెత్తదనం లేదు. పోలీసులకి చెప్పడానికే వెళ్తున్నానన్నాడు, సామాన్లు సర్దుకోమన్నాడు. ఆమె మూసి ఉన్న ఒక కొట్టు గుమ్మంలో కూలబడింది. ముందు బడికి పోయి చిట్టిని తెచ్చుకుందామంది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు.

"చిట్టి బళ్ళోనే ఉండనీ. పద, వాడి కంటే ముందు మనం చేరదాం."

ఉద్యోగాల ఆఫీసులో కౌంటరు వెనక ఉన్నావిడ జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది. టీచరమ్మ చెప్తూ మధ్య మధ్యలో తడబడింది. రెండుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అంతా విన్నాక ఆవిడ కంప్యూటరు తెర ఇటు తిప్పింది. విమానం దిగినరోజున అక్కడి అధికారులే తీసిన ఫోటో అది. అలసిపోయి, జుట్టు రేగి, ఉన్న రంగుతో ఉన్న టీచరమ్మ.

"మా దగ్గరున్నది ఇదే," అంది. "ఆయన దగ్గరున్న ఫోటో ఎలా ఉంటే మాకేంటి?"

టీచరమ్మకి ఏడుపు వచ్చింది. ఇన్ని నెలలు, ఇంత చిన్న విషయానికా అని. కళ్ళు తుడుచుకుని, ఇంకో మాట అడిగింది. రంగు చూసి వెనక గదిలో పెట్టడం మాటేమిటని.

కౌంటరావిడ ముక్కు తుడుచుకుంది. "ఎవర్ని ముందు నిలబెట్టుకోవాలన్నది వాళ్ళిష్టం. దానికి మా దగ్గర రూలు లేదు. మీరు వేరే చోట చేరొచ్చు. త్వరగా చూసుకోండి, పర్మిటు ఎక్కువకాలం ఆగదు."

పోలీసులు రాలేదు. డైరెక్టరు ఫోనూ రాలేదు. కానీ ఆ తర్వాతి వారాలు మునుపటి కంటే గడ్డుగా గడిచాయి. ఏ స్కూలు ప్రకటన చూసినా పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారే కావాలని, ఫోటో తప్పనిసరి అని. ఫోనులో పొంగిపోయినవాళ్ళు మనిషిని చూశాక, ఖాళీ ఇప్పుడే భర్తీ అయిందనేవారు. తలుపు చప్పుడైతే పర్మిటు తాలూకు మనుషులేనని ఆమె ఉలిక్కిపడేది. భర్త జోకులు వేయడం మానేశాడు. పెట్టెలు మంచం కిందనుంచి బయటికి లాగి పెట్టుకున్నారు.

ఆఖరికి నర్సులకి శిక్షణ ఇచ్చే కాలేజీకి ఫోను చేసినప్పుడు ఆమె ఫోనులో మాట్లాడనంది. "ముందు నన్ను చూడండి. చూశాక కూడా మాట్లాడాలనిపిస్తే మాట్లాడదాం," అంది. ప్రిన్సిపాలు, నెరిసిన జుట్టావిడ, మనిషిని చూసింది, పాఠం చెప్పించుకుని వింది. "పేషెంటుకి అర్థమయ్యేట్టు మాట్లాడ్డం నేర్పగలరా?" అని మాత్రం అడిగింది. పర్మిటు గడువు ముగియబోతుండగా ఉద్యోగం వచ్చింది.

పొడుగాయన హోటలు వంటగదిలో చేరాడు. ఒకసారి బజారులో కనబడి, ఇప్పుడు దగ్గడం లేదని చెప్పాడు. ఇన్‌స్టిట్యూటు మాత్రం నడుస్తూనే ఉంది. బంగారు జుట్టావిడకి ఇంకో గొంతు దొరికింది.

చలికాలంలో ఒక ఆదివారం రొట్టెలావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడింది. "కొత్త టీచరు ఫోను చేస్తే ఇది నోరు విప్పడం లేదు," అంది. "మీరే కావాలట. నాకైతే ఇంకా..." అని ఆగిపోయింది. ఆ ఇంకా తర్వాత ఏముందో టీచరమ్మ అడగలేదు. లోపలికి రమ్మంది. భర్త టీ పెట్టాడు.

పిల్ల చిట్టి పక్కన కూర్చుంది, పుస్తకం మాత్రం తెరవలేదు.

"ఆ రోజు మెట్ల మీద కాదన్నారు ఎందుకు?"

"భయమేసింది."

"నన్ను చూసా?"

వంటగది గుమ్మంలో భర్త గ్లాసులతో నిలబడిపోయాడు. "అవును," అంది టీచరమ్మ. "ఆ రోజు నిన్ను చూసి కూడా."

పిల్ల చిట్టికి కూడా కనబడేలా పుస్తకం జరిపి, పిల్లిపిల్లల కథ ఉన్న పేజీ వెతకసాగింది.