టీచరుగారి జాడీలో పలచని ఎరుపు

బెంగళూరు అవతల ఒక ద్రాక్షతోటలో, గ్లాసు అడుగున కాస్తంత వైను పోసి నా చేతికిచ్చారు. పండీ పండని గోరింటాకు రంగు. కొంచెం మసక. ఎవరూ వేయని రకమట, తొక్క పలచనట, ఈస్టూ పంచదారా ఏమీ కలపలేదట. తోటాయన చెబుతుంటే, ధర ఎంతకి దిగుతాడా అని చూస్తూ ఒక గుక్క వేశాను. సగం పండిన నేరేడు వగరు, వెనకాలే పులుపు. బేరం నోట్లోనే ఆగిపోయింది.

ఈ రుచి నాకు తెలుసు. అమలాపురంలో, మా కొట్టు పక్క వాటాలో ఉండే టీచరుగారి జాడీలోది. అందులో తీపి ఉండేది, ఇందులో లేదు. అయినా అదే. ఆ జాడీకి చెడ్డపేరు తెచ్చింది నేనే.

టీచరుగారు ఏటా ఈస్టరుకి, చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షారసం చేసి ఇచ్చేవారు. గింజలున్న నల్లద్రాక్ష చిదిమి, పంచదార, నాలుగు లవంగాలు వేసి, పింగాణీ జాడీకి పాత చీరముక్క వాసెన కట్టి ఇరవయ్యొక్క రోజులు ఉంచేవారు. సంఘంలో ఆమె పెద్దరికమంతా ఆ జాడీలోనే ఉండేది.

ఒక ఏడు ఆమె కాలు బెణికింది. ద్రాక్ష నేను తెస్తానన్నాను. కిరాణా కొట్లో పుట్టినవాణ్ణి. బేరమాడకుండా కొన్న వస్తువుని మా ఇంట్లో అది పాడయ్యేదాకా దెప్పేవారు. గడియారస్తంభం దగ్గర బండాయన గుత్తి పైనున్న పండు తుంచి రుచి చూడమన్నాడు. పైపండు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. కొసన ఉన్నదే ఇమ్మన్నాను. నల్లద్రాక్ష దగ్గర మాత్రం ఆయన ఒక్క మెట్టు దిగలేదు. పక్క బుట్టలో ఎర్రెర్రగా ఏవో ఉన్నాయి.

“అవేం రకం?”

“తెలీదండి. లోడులో కలిసొచ్చేసేయి. ఎవరూ ముట్టుకోట్లేదండి. మీరైతే సగానికే పట్టుకెళ్ళిపోండి.”

సగం అన్న మాట చెవిన పడ్డాక నాకు టీచరుగారు గుర్తులేరు, చర్చి గుర్తులేదు. కొస పండు కూడా తియ్యగానే ఉంది. ఆ సగంలోనూ కాస్త కోయించి, రాజ్యం గెలిచినవాడిలా నడిచొచ్చాను.

“నల్లగా లేవేం బాబూ?” అన్నారు టీచరుగారు.

“ఈసారి కాపే అంతటండి. రకం అదేనండి.”

జాడీ విప్పిన రోజు పాస్టరుగారు గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశారు. “ప్రభువు రక్తానికి గుర్తు కదండీ ఇది. ఇంత పలచనైతే ఎలాగండి?” అన్నారు, ఎంతో మర్యాదగా. ఆ ఈస్టరుకి బజారునుంచి సీసాలు వచ్చాయి. పై ఏడూ అవే. “నా చెయ్యి పోయిందండి” అని అందరితో చెప్పి టీచరుగారు జాడీని అటకెక్కించేశారు. మాకు పంపిన గ్లాసుడూ నేనే తాగాను. బాగుందని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే, ఎందుకు పలచనైందో కూడా చెప్పాలి.

తోటలో ఒక సీసా అడిగిన ధరకే కొన్నాను. మా వంశంలో ఇదే మొదలు. తువ్వాల్లో చుట్టి అమలాపురం తీసుకెళ్ళి, టీచరుగారి ముందు పెట్టి, జరిగిందంతా ఒప్పుకున్నాను.

ఆమె స్టీలు గ్లాసులో కాస్త వంపుకుని, మింగకుండా చాలాసేపు నాలిక మీదే ఉంచుకున్నారు.

“తొక్కలు పిండింది నేనే కదా. రకం మారిందని ఆ రోజే తెలీదనుకున్నావా?”

“మరి పాస్టరుగారికి చెప్పలేదేవండీ?”

“ఏవని చెప్పమంటావు? కొట్టువాళ్ళబ్బాయి మోసం చేసేడనా? మీ నాన్నగారు ఈ వీధిలో సరుకమ్ముకోవద్దూ?”

ఆమె ఇంకో గుక్క తాగారు.

“బాగుంది. అప్పటిదీ బాగానే ఉండేదిరా. రంగు చూసి బెదిరిపోయేం. దీనికెంత పెట్టేవు?”

అలవాటు కొద్దీ సగమే చెప్పాను.

“అబద్ధం. నువ్వేం మారలేదు. ఆ స్టూలు వేసుకుని జాడీ దింపు. మనింటికే చేసుకుందాం. ఈసారి ద్రాక్ష నేను కొంటాను. నువ్వు సంచీ పట్టుకో, నోరు మాత్రం విప్పకు.”

“ఆయ్,” అన్నాను, స్టూలెక్కుతూ.