బువ్వ అన్నందుకు నవ్వినారు

సినిమా టికెట్టు రేటు మళ్ళా పెంచినారంట. మా ఇంట్లో రెండు దినాలుగా ఇదే పేచీ. యుద్ధం పోయింది గాని యుద్ధం నాటి ధరలు పోలేదని మా ఆయన గొణుగుడు. ఆ దుడ్డు పెడితే ఇంట్లోకి ఇంత పప్పు వస్తాది, బొమ్మలకు పోసేదేంది అంటాడు. పిల్లలేమో పోయే తీరాల అని మొండికేస్తారు. నడమ నన్ను లాగుతారు, "నువ్వు చెప్పమ్మా, సినిమాకు పోతే పెట్టిన దుడ్డుకు గిట్టుబాటేనా?" అని.

గిట్టుబాటు! సినిమా గురించి నా నోట్లో నుంచి మంచి మాట వస్తాదని అడుగుతారే, వాళ్ళను అనాల. రేటు పెరిగిందని ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తాది. చీటీ మీద అచ్చు వేసేది సగం ఖర్చే. మిగతా సగం లోపలికి పోయినాక పీక్కుంటారు. మా అవ్వ దగ్గర పీక్కున్నారు. నేను పక్కనే కూర్చొని చూసినాను. ఇన్నేళ్ళయినా నాకు ఆ మంట ఆరలేదు.

అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. రాజపాళయంలో మా మాదిరి ఇండ్లు వీధులకు వీధులు ఉండాయి. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. మా తాతల తాతలు ఎప్పుడో నాయక రాజుల కాలంలో ఉత్తరాది తెలుగు సీమ నుంచి ఏర్లు దాటుకొని వచ్చినారంట. వచ్చి ఎన్ని తలకట్లు, ఎన్ని తరాలు మారినాయో ఎవరికీ తెలీదు. తెలుగు రాత మా వీధిలో ఒక్కరికీ రాదు. స్కూల్లో నేర్పేది అరవం, అంగడి బోర్డు అరవం. తెలుగు మా నోట్లోనే ఉండాది, ఇంక యాడా లేదు.

ఆ నోటికి కాపలా మా అవ్వ. బయట నుంచి ఆడుకొని వచ్చి, ఆ ఊపులో ఒక్క అరవం ముక్క అంటిమా, అయింది మా పని. "గడప లోపల అరవమేందే? చెప్పులతో పాటు దాన్ని కూడా బయటే విడిచి రా!" అని వీధి వీధంతా వినేటట్టు అరిచేది. అరవం మీద ఆమెకేమీ పగ లేదు. సత్రపట్టి సంతలో ఆమె అరవంలో బేరం చేస్తే అంగడివాడు దండం పెట్టి ఇచ్చేవాడు. కానీ దాని చోటు దానిది, దీని చోటు దీనిది.

సాయంత్రమైతే మా అరుగు మీద పత్తికాయలు వలిచేదానికి వీధి ఆడవాళ్ళంతా చేటలు తీసుకొని వచ్చేవాళ్ళు. పత్తి ఒక సాకు. వచ్చేది అవ్వ కథల కోసం. రాజు వేటకు పోయినాడు అని అవ్వ మొదలుపెడితే చేతులు వాటంతట అవే వలిచేవి. నడమ నడమ "మన దేశం" అనేది. మన దేశమంటే ఆమె చూసింది లేదు, ఆమె అవ్వ కూడా చూసింది లేదు. "మన దేశంలో కాకులు కూడా తెలుగులోనే అరుస్తాయి" అనేది. మేము నమ్మేవాళ్ళం.

సినిమా అంటే అవ్వకు చులకన. ఊరి చివర టూరింగ్ టాకీసు కొట్టగ, పెద్ద పాక, వేసినప్పుడు మేమంతా పోయినాము, ఆమె రాలేదు. "తెర మీద నీడలు ఎగిరితే దుడ్డు ఇచ్చేదా? దీపం పెట్టి గోడకు చెయ్యి చూపిస్తే మన ఇంట్లోనే ఎగురుతాయి" అనింది. అట్లాంటి మనిషిని కొట్టగ వరకు లాగింది ఒక బండి. రెండు పక్కలా బొమ్మల తట్టీలు కట్టుకొని, తప్పెట కొట్టుకుంటూ వీధి వీధికీ తిరిగే సినిమా బండి. దాని మీద నోటీసులు విసిరేవాడు ఆ దినం గొంతు చించుకొని అరిచినాడు, తెలుంగు పడం వచ్చింది, తెలుంగు పడం అని.

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. "తెలుగా? తెర మీద తెలుగు మాట్లాడతారా? ఎవరే మాట్లాడేది?"

"రాజు, రాణి, దేవుళ్ళు, అందరూ అవ్వా" అన్నాను నేను.

"అందరూనా?"

"అందరూ."

ఆమె ముఖం అట్ల వెలగడం నేను మళ్ళా ఎప్పుడూ చూడలేదు. నెయ్యి అమ్మిన దుడ్డు ఒక ముంతలో దాచుకొని ఉండేది, ఆ ముంత దింపింది. అందరమూ ఇసకలో కూర్చొనే తర టికెట్టు తీసుకుందామంటే ఒప్పుకోలేదు. "మన భాష వినేదానికి పోతా మట్టిలో కూర్చొనేదా? నాకూ దీనికీ బెంచీ తీసుకో" అని మా నాయనను గద్దించింది. పెట్టెలో నుంచి నల్లంచు చీర తీసింది. అది పెండ్లిండ్లకు మాత్రం తీసే చీర.

కొట్టగలో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ నడమ మొల ఎత్తు మట్టి గోడ. ఈ పక్క ముందర ఇసక, వెనక బెంచీలు, ఇంకా వెనక నాలుగు కుర్చీలు. మా వీధి వాళ్ళంతా ఇసకలో. మేమిద్దరం బెంచీ మీద. మా వెనక కుర్చీలో ఒకామె ఉండింది. మిల్లులో ఏదో పెద్ద ఉద్యోగానికి ఉత్తరాది నుంచి వచ్చినతని పెండ్లాము, అచ్చంగా అవ్వ చెప్పే మన దేశపు మనిషి. అవ్వ వెనక్కి తిరిగి ఆమెను చూసి, చుట్టాన్ని చూసినట్టు నవ్వింది.

పడం మొదలైంది. రాజు వచ్చినాడు, కిరీటం మెరిసింది, నోరు తెరిచినాడు. ఏమి మాట్లాడినాడో మాకు ఒక్క ముక్క అంతుపట్టలేదు. రాణి ఏడుస్తా "తమరెప్పుడు విచ్చేసితిరి ప్రాణనాథా" అనింది. అవ్వ నా మోచేయి పొడిచింది. "ఏమంటాదే?"

"తెలీదవ్వా."

రీలు అయిపోయి లైట్లు వేసినారు. కలరు సోడాలవాడు అరుస్తా తిరుగుతున్నాడు. అవ్వ ఏమీ కంగారు పడలేదు. నన్ను దగ్గరకు లాక్కొని, "తెలుగు ఇంకా మొదలు కాలేదు మాదిరి ఉంది" అనింది. "ఇది ముందర పూజకు చదివే మంత్రమేమో. ఉండు, వస్తాది."

వచ్చింది. మళ్ళా దీపాలు ఆర్పినాక తెర మీదికి ఒక పనివాడు వచ్చినాడు. గోచి పంచె, చెదిరిన జుట్టు. కడుపు పట్టుకొని, "అయ్యా, పొద్దున అనంగా వచ్చినాను, ఇంకా బువ్వ పెట్టలేదయ్యా" అన్నాడు.

అవ్వ బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. "ఇదో! మొదలైంది తెలుగు! మనవాడే వీడు!" అని చప్పట్లు కొట్టింది. ఆ క్షణంలోనే కొట్టగ అంతా నవ్వింది. వాళ్ళు కూడా తన మాదిరి సంతోషంతో నవ్వుతున్నారని అవ్వ అనుకుంది. అందరి ముఖాలూ చూసి తనూ నవ్వింది. పనివాడు మళ్ళా వచ్చినాడు, మళ్ళా బువ్వ అన్నాడు. రాజు వాణ్ణి మొద్దు అన్నాడు, బంట్రోతు వీపు మీద ఒకటి ఇచ్చినాడు. మళ్ళా నవ్వు. వాడు నోరు తెరిస్తే చాలు, నవ్వు. నాకు మొదట అర్థమైంది. అవ్వకు ఎప్పుడు అర్థమైందో తెలీదు, ఎప్పుడో ఆమె చెయ్యి నా చేతిలో నుంచి జారిపోయింది.

రాజు మా భాష మాట్లాడలేదు. రాణి మాట్లాడలేదు. దేవుడూ మాట్లాడలేదు. అంతమందిలో మా అవ్వ భాష మాట్లాడింది ఒక్కడు, వాడు ఆ పడంలో పిచ్చివాడు. వాడు పిచ్చివాడని జనానికి తెలియాలని మా మాట వాడి నోట్లో పెట్టినారు. ఎవరయ్యా మీకు ఆ హక్కు ఇచ్చింది? ఎన్ని ఏర్లు దాటించి, ఎన్ని తలకట్లు కాపాడి, అరవం గాలి సోకకుండా గడప దగ్గర కూర్చొని దాచిన మాట అది! మా దగ్గరే దుడ్డు తీసుకొని మమ్మల్నే వెక్కిరించేదానికా ఆ పడాన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చినారు?

ఇంకా కడుపు మండేది ఏందంటే, ఇసకలో కూర్చొని నవ్వింది మా వీధి వాళ్ళే. ఆ దినం మధ్యాన్నం ఇంట్లో బువ్వ తిని వచ్చినవాళ్ళే! కుర్చీవాళ్ళు నవ్వినారని వీళ్ళూ నవ్వినారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

పడం అయిపోయింది. అవ్వ బెంచీ పట్టుకొని లేస్తా, "జరుగమ్మా, నా చెప్పు ఈడ పడిపోయినాది" అనింది. వెనక కుర్చీలోని ఆమె ఫక్కున నవ్వింది. "అయ్యో మామ్మగారూ! మీరు అచ్చం ఆ నౌకరులాగే మాట్లాడుతున్నారే! ఎంత తమాషాగా ఉందో!"

ఆమె చెడ్డ మనిషి కాదు. వంగి, తన చేత్తో వెతికి చెప్పు తీసి ఇచ్చింది కూడా. అదే నాకు ఇంకా మంట. చెడ్డదైతే అక్కడే నాలుగు దులిపి వచ్చి ఉందును.

ఇంటికి వచ్చేటప్పుడు ఎద్దుల బండిలో అవ్వ అడిగింది ఒక్కటే మాట. "ఆ పిల్లోడికి చివరికైనా బువ్వ పెట్టినారా?"

"లేదవ్వా."



తరువాత బావి దగ్గర మా వీధి ఆడపిల్లలకు కొత్త ఆట దొరికింది. బిందె ఎత్తేటప్పుడు "ప్రాణనాథా, విచ్చేసితిరా" అనేది, పడీ పడీ నవ్వేది. అరుగు మీద అవ్వ కథ చెప్తా, రాజు బువ్వ తినేసి గుర్రం ఎక్కినాడు అనిందో లేదో, ఎదురింటి కొత్తకోడలు "అవ్వా, రాజులు యాడన్నా బువ్వ తింటారా? భోజనం చేస్తారు. పడంలో చూడలేదా?" అనింది. అవ్వ చెయ్యి పత్తికాయ మీదే ఆగిపోయింది. "అట్లనా అమ్మా" అనింది. రాజును గుర్రం మీద అట్లనే విడిచేసి లోపలికి పోయింది. దాని నోట్లో మన్ను పడ, వచ్చి నెల కాలేదు, మా అవ్వకు భాష నేర్పేదానికి వచ్చింది!

మరుదినం కథ లేదు. ఆ మరుదినమూ లేదు. చేటలు ఒక్కొక్కటే రావడం మానేసినాయి. అన్నిటికంటే నాకు భయం పుట్టించింది వేరే. ఒక దినం స్కూలు నుంచి వచ్చి, కావాలనే, నడింట్లో నిలబడి గట్టిగా అరవంలో నీళ్ళు అడిగినాను. ఇప్పుడు తిడతాది, ఇదో తిడతాది అని చెవి పెట్టుకొని నిలబడినాను. అవ్వ చెంబు తెచ్చి చేతికి ఇచ్చింది. నేను ఏడ్చినాను. ఎందుకు ఏడుస్తున్నావే అని మా అమ్మ అడిగితే చెంబు చూపించినాను.

మరుసటి ఏడు జనాభా లెక్క రాసేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగినారు. మా వీధికి వచ్చింది ఒక స్కూలు వాధ్యారు, అరవ మనిషి, నెమ్మదస్తుడు. మా అమ్మ చాప వేస్తే నడింట్లో కూర్చొని, ఎంతమంది, ఏమి పని అని అన్నీ అడిగి రాసుకున్నాడు. చివరికి అవ్వ పక్కకు తిరిగి, ఇంట్లో మాట్లాడే భాష ఏది పాటీ అని అరవంలో అడిగినాడు.

ముందర కాలమైతే ఆ మాటకు జవాబు వీధి చివరి వరకు వినిపించేది. అవ్వ నేల చూసింది. కొంగు వేలికి చుట్టుకుంది. ఆమె కూడా అరవంలోనే, మెల్లగా, "ఏదో మాట్లాడుకుంటాము సామీ. దాని పేరు నాకు తెలీదు. ఊరి చివర కొట్టగ ఉంది కదా, వాళ్ళను అడిగి రాసుకోండి" అనింది.

నాకు ఒళ్ళు తెలీలేదు. వంటింట్లో నుంచి ఉరికి వచ్చినాను. ఆ వాధ్యారు మీద కోపమా, సినిమావాళ్ళ మీద కోపమా, అవ్వ మీదనే కోపమా నాకే తెలీదు. నడింట్లో నిలబడి, ఆయనకు అర్థం కావాలని అరవంలోనే గొంతు చించుకొని అరిచినాను. తెలుగు, తెలుగు అని రాసుకోండి, ఆమెకంటే తెలుగు తెలిసినవాళ్ళు ఈ ఊర్లో ఎవరున్నారు అని!

"గడప లోపల అరవమేందే?"

ఉలిక్కిపడి చూసినాను. అవ్వ లేచి నిలబడింది. ముక్కు పుటాలు అదురుతున్నాయి. "పెద్దదానివైనావు, ఇంత మాత్రం తెలీదా? చెప్పులతో పాటు దాన్ని కూడా బయటే విడిచి రా, పో!"

వాధ్యారు కలం పట్టుకొని ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసినాడు. "పాటీ, ఇప్పుడు తిట్టినారే, అది ఏ భాష?"

"తెలుగు!" అనింది అవ్వ. "మళ్ళేంది?"

ఆయన నవ్వి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం అవ్వ తనే పోయి ఇల్లిల్లూ పిలిచి చేటలు తెప్పించింది. ఏడాదిగా గుర్రం మీదనే ఉన్న రాజును దింపి, ముందర బువ్వ పెట్టించింది. ఆమె బ్రతికినన్నాళ్ళూ మా అరుగు మీద రాజులూ రాణులూ వచ్చినాడు, పోయినాది అనే మాట్లాడినారు. కథలో ఒక మొద్దు పనివాడు వస్తే మాత్రం, అవ్వ గొంతు మార్చి, మూతి సున్నా మాదిరి చుట్టి, వాడి చేత "తమరెప్పుడు విచ్చేసితిరి" అనిపించేది.