ఒక్క గడి ఖాళీ

మా సర్వే బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఏ ఫారమూ పూర్తిగా నింపరు. ఒక్క గడైనా ఖాళీగా వదిలితే తప్ప ఆయనకి తిన్నది అరగదు.

ఈ మహానగరంలో జనం ఎలా బతుకుతున్నారో తేల్చే ఆఫీసు మాది. ఇంటింటికీ వెళ్ళి నలభై ప్రశ్నలు అడుగుతారు. కుళాయి సరిగ్గా వస్తోందా, బస్సు కోసం ఎంతసేపు నిలబడతారు, సంపాదన పెరిగిందా, నిద్ర పడుతోందా. బాబాయ్ రాసుకొస్తారు, నేను తప్పులు వెతుకుతాను.

“ముప్పై తొమ్మిది రాసిన చేతికి నలభయ్యోది రాసేసరికి ఏం రోగమొచ్చిందయ్యా?” అని మా పెద్దసారు ఎగిరిపడేవారు.

“ఇంటికి కిటికీలెన్నో అడగడం మర్చిపోయాను సార్. మళ్ళీ వెళ్ళొస్తాను.”

“ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క గది కదా!”

“అందుకే సార్, అసలు పొరపాటు పడకూడదు.”

గొడుగు పుచ్చుకుని, మూడు బస్సులు మారి, ఆ కిటికీ లెక్కపెట్టడానికి వెళ్ళేవారు. పై వారం చూస్తే అదే ఫారంలో కుళాయి గడి ఖాళీ! ముందు రాసినదాన్ని రబ్బరు పెట్టి చెరిపేస్తున్నారని నా అనుమానం.

నన్ను మాత్రం వదిలారా? మధ్యాహ్నం అందరూ గుంపులుగా క్యాంటీన్‌కి పోతే నేను నా బల్ల దగ్గరే డబ్బా తెరిచేదాన్ని. సరిగ్గా అప్పుడే దిగబడేవారు.

“అమ్మాయ్, పొద్దున నీ బల్ల మీది హాజరు పుస్తకంలో సంతకం మర్చిపోయాను.”

“రోజూనా బాబాయ్? తిండి మర్చిపోతారా ఎప్పుడైనా?”

“మంచి మాట గుర్తుచేశావు. ఉండు, డబ్బా తెచ్చుకుంటాను.”

తెచ్చుకుని నా ఎదురుగానే కూర్చునేవారు. దారి మర్చిపోయిన బస్సు డ్రైవరు కథ మొదలుపెట్టి, మంచి పట్టులో ఉండగా డబ్బా మూతపెట్టి, మిగతాది రేపనేవారు. రెండేళ్ళయినా ఆ బస్సు డిపో చేరలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈసారి నివేదిక అచ్చుకి వెళ్ళే ముందు పెద్దసారుకి ఓపిక నశించింది. సంపాదనలు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి, ఆస్పత్రులు దగ్గరయ్యాయి. నగరం అంతా బాగుంది, బాబాయ్ ఫారాలే బాగాలేవు.

“ఆయన గడి వదిలేసిన ఫారాలన్నిటి జాబితా రాసి సాయంత్రానికి ఇవ్వమ్మా. పైకి పంపించి ఆయన్ని తీసేయిస్తాను.”

విడివిడిగా తప్పులు వెతకడమే తప్ప, ఆయన ఫారాలన్నీ ఒక్కచోట పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ కట్టలు ముందేసుకుని కూర్చున్నాను. ఆశ్చర్యం, రెండువందల పైచిలుకు ఫారాలు అంచుల దాకా నిండి ఉన్నాయి. ఖాళీ ఉన్నవి పంతొమ్మిదే. ఒక్కోదాంట్లో ఒక్కో గడి ఖాళీ. కానీ పదిహేడో ప్రశ్నకి మాత్రం పంతొమ్మిదింటిలోనూ ఒకే జవాబు.

గత వారంలో మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? ఎవరూ రాలేదు.

వాటిలో ఆ కిటికీ ఇంటి చిరునామా చూసుకుని, మూడు బస్సులు మారి వెళ్ళాను. నాలుగో అంతస్తులో ఒక్క గది. బట్టలు కుట్టే పెద్దావిడ తలుపు తీసింది. లోపల రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి.

“సర్వే ఆఫీసు నుంచా? ఆయన రాలేదా? ఈ వారం ఏ ప్రశ్న మిగిలింది?”

“మీకు తెలుసా?”

“నలభై ప్రశ్నలూ నాకు కంఠతా వచ్చేశాయమ్మా. కిటికీ ఒక్కటే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కటే. అయినా ఆయనొస్తారని వారం వారం శుభ్రంగా తుడుస్తాను.” నా చేతిలో పెన్ను చూసి కంగారుపడింది. “నువ్వు నింపెయ్యకు తల్లీ!”

తిరిగొచ్చి అలమారలో పాత కట్ట లాగాను. రెండేళ్ళ క్రితం ఈ ప్రశ్నలు కొత్తగా తయారైనప్పుడు ముందు మా ఆఫీసువాళ్ళనే అడిగి చూశారు. నన్ను అడిగింది బాబాయే. నా ఫారం దొరికింది. పదిహేడో ప్రశ్నకి నా జవాబు, ఎవరూ రాలేదు. అడుగున ఆయన సంతకం గడి ఖాళీ.

నాకు సిగ్గేసింది. ఇంత నగరంలో నాకంటూ ఎవరూ లేరన్న సంగతి భద్రంగా దాచుకున్నాననుకున్నాను. రెండేళ్ళుగా నాతో అన్నం తింటున్న మనిషిని రోజూ కసురుకున్నాను కూడా.

సాయంత్రం జాబితా తీసుకెళ్ళి ఇచ్చాను. పెద్దసారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“అన్నీ రాశావు, నీ సంతకమేదమ్మా? అది లేకుండా పైకెలా పంపను?”

“మర్చిపోయాను సార్. రేపు తెస్తాను.”

మర్నాడు సంతకం ఉంది, తేదీ లేదు. ఆ తర్వాత తేదీ ఉంది, ఫారాల సంఖ్య లేదు. నాలుగో వారానికి పెద్దసారు నా వంక అదోలా చూశారు.

“ఆయన జబ్బు నీకూ అంటుకుందా?” అని ఆ జాబితాని సొరుగులో పడేసి తాళం వేశారు. మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం బాబాయ్ కంటే ముందే ఎదురు కుర్చీ తుడిచి ఉంచాను. ఆయన డబ్బా తెరిచి, గొంతు సవరించుకున్నారు.

“పాపం, నిన్ను చాలా విసిగించానమ్మాయ్. ఆ డ్రైవరు కథ ఇవాళ పూర్తి చేసేస్తాను.”

“వద్దు బాబాయ్,” అన్నాను. “ఆ బస్సుని ఇంకాస్త తిరగనివ్వండి.”