రత్నం సారు చదువుకున్న ఉత్తరం

ఇల్లందు బస్టాండులో టీ తాగుతూ మణుగూరు బస్సు కండక్టరు, "రత్నం సారు పోయిండంట గదా, నీకెరికేనా?" అని అడిగినప్పుడు నేను నమ్మలేదు. నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. ఎవరు చెప్పిండ్రు, నువ్వు కండ్లతో చూసినవా అని నిలదీశాను. అతను విసుక్కుని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు మొదటి బస్సెక్కి పినపాక చేరి, ఆయన ఇంటి ముందు వేసిన టెంటూ కుర్చీలూ చూసేదాకా నా మనసు ఒప్పుకోలేదు. భద్రాచలం దవాఖానాలో గుండెపోటుతో కన్నుమూశారట. ఇంకా యాభై ఏడు నిండలేదు. విద్యాదానమే పరమధర్మంగా జీవించిన మహనీయుడని సంతాపసభలో వక్తలు కొనియాడారు. వాళ్లలో సగంమందికి ఆయన ఏం చేశారో తెలియదని నా అనుమానం. నాకు తెలుసు. ఆయనకు ద్రోహం చేసినవాణ్ని కూడా నేనే గనుక ఈ స్మృతినివాళి రాయవలసిన బాధ్యత నా మీదే ఉంది.

కీర్తిశేషులు రత్నం సారు సత్తుపల్లి వైపు రైతు కుటుంబంలో జన్మించారు. తాతల నాడు కోస్తా నుంచి వలస వచ్చి, మిరప పండించి నిలదొక్కుకున్న ఇల్లు. అన్న ప్లీడరు, తమ్ముడు ఇంజనీరు. ఎనభైల మొదట్లో పినపాక అవతల అడవిలో ఉన్న ఆశ్రమ పాఠశాలలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరేనాటికి ఆయన అక్కడ అయిదారేళ్లుగా పనిచేస్తున్నారు. తమ వైపు మాటా ఇక్కడి మాటా కలగలిపి మాట్లాడేవారు. మొదటిరోజే నన్ను "తమ్ముడూ" అన్నారు. పరిచయమైన రోజే తమ్ముడూ అనే మనిషి దగ్గర ఏదో మతలబు ఉంటుందని నాకు అప్పుడే తోచింది.

ఆ రోజుల్లో ఆ అడవి సరిహద్దులో అనుమానం గాలిలోనే ఉండేది. కొత్త మనిషి కనబడితే పోలీసులకు ఒక అనుమానం, అడవి లోపలివాళ్లకు ఇంకో అనుమానం. ఇక నాలాంటివాడికి చెప్పాలా! ఆయన ప్రతి కదలికా కనిపెట్టి చూడసాగాను.

ఆయన తరగతిలో "బోర్డు వంతు" అని ఒక ఆచారం ఉండేది. సారు సుద్దముక్క ముట్టరు. కప్పు వాసాలకేసి చూస్తూ పాఠం కంఠతా చెబుతుంటే, ఆ రోజు వంతు వచ్చిన పిల్లవాడో పిల్లో బోర్డు మీద రాయాలి. తప్పులు మిగతా పిల్లలు దిద్దాలి. చూడవచ్చిన అధికారులు ఇదేదో నవీన బోధనాపద్ధతి అని మెచ్చుకునేవారు. నాకు మాత్రం కడుపు మండేది. హాజరు కూడా అంతే. డెబ్బైమంది పేర్లు, తండ్రుల పేర్లతో సహా, రిజిస్టరు తెరవకుండా పిలిచేవారు. రిజిస్టరు మాత్రం రెక్సిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవారు. ఏ సర్క్యులరు వచ్చినా, "కళ్లజోడు ఇంట్లో మరిచాను, నువ్వు చదువు తమ్ముడూ" అనేవారు. ఏడాదంతా కళ్లజోడు మరిచే మనిషి, వాగు అవతలి చెట్టు మీది పిట్ట ఏ పిట్టో చెప్పేవారు.

ఒకరోజు ఆయన భార్య దుర్గమ్మ వదిన నాకు గోంగూర పచ్చడి పంపుతూ, గిన్నె జాగ్రత్తగా తిరిగి పంపమని చీటీ రాసింది. ఆ గుండ్రటి అక్షరాలు ఎక్కడో చూశాననిపించింది. మర్నాడు ఆయన బల్ల మీద ఉన్న రిజిస్టరు తెరిచి చూశాను. అవే అక్షరాలు. దొంగ దొరికాడనుకున్నాను. పచ్చడి మాత్రం తినేశాను.

నాలుగో తరగతిలో సమ్మక్క అనే కోయపిల్ల ఉండేది. చురుకైన పిల్లే, కానీ పుస్తకం చదివే గంట రాగానే వంటపాక వెనక్కి పోయి దాక్కునేది. నేను పోయి రెక్క పట్టుకుని లాక్కొచ్చి, మొద్దుమొహమని తిట్టి గోడకు నిలబెట్టేవాణ్ని. ఒకసారి సారు నన్ను పక్కకు పిలిచి, "దాన్ని ఏమీ అనకు తమ్ముడూ. దానికి తెలివి లేక కాదు. అక్షరాలు దానికి నిలబడట్లేదు" అన్నారు. చదువు చెప్పే మనిషి అక్షరాలు నిలబడవంటాడేమిటని నా అనుమానం రూఢి అయింది. ఈయనకు చదువే రాదు, ఇంకెవరిదో సర్టిఫికెట్టు పెట్టి ఉద్యోగం సంపాదించాడని తీర్మానించుకున్నాను.

పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. చేతిరాత ఎవరూ పోల్చకుండా ఎడమచేత్తో రాశాను. పినపాక ముద్ర పడకుండా మణుగూరు పోయి డబ్బాలో వేశాను. ఆ వంకరటింకర రాతతో ఒక పేజీ నింపడానికి ఒక ఆదివారమంతా పట్టింది. అంత శ్రద్ధగా నేను ఏ మంచిపనీ చేయలేదు.

నెల తిరక్కుండా జీపులో ఆఫీసరు దిగాడు. వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టి, మమ్మల్ని నిలబెట్టి, జేబులోంచి నా ఉత్తరం తీశాడు. ఆఫీసరు మొదటి వరుస చదవబోయి, ఆ రాత కొరుకుడు పడక, కూడబలుక్కుని, మళ్లీ మొదలుపెట్టి, చివరికి విసుగెత్తి కాగితాన్ని రత్నం సారు చేతిలో పెట్టాడు.

"మీ మీద వచ్చిందే. మీరే చదవండి. వస్తే చదువుతారు, రాకపోతే సంగతి తేలిపోతుంది. ఇవాళే రిపోర్టు రాసేస్తాను" అన్నాడు.

ఆయన ఉద్యోగం ఆ కాగితం మీద ఉంది. సారు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. మెడ మీద చెమట పట్టింది. చేయి అలవాటుగా చొక్కా జేబు తడిమింది, కళ్లజోడు మరిచానంటారని నేను ఎదురుచూశాను. అనలేదు. వంటపాక మూల నుంచి తొంగి చూస్తున్న సమ్మక్క మీద ఆయన చూపు కాసేపు ఆగింది.

"నేను చదవలేనండీ. చదువు రాక కాదు. చిన్నప్పటి నుంచీ అక్షరాలు నా కళ్లముందు నిలబడవు, ఒకదాని చోట్లోకి ఒకటి దూరుతాయి. కొత్త కాగితం నలుగురి ముందు చదవడం నా వల్ల కాదు. మా తమ్ముడు చదువుతాడు" అంటూ ఉత్తరం నా చేతికిచ్చారు.

చదివాను. ఏం చేయను? దొంగ సర్టిఫికెట్టు, భార్య రాసే రిజిస్టరు, సుద్ద ముట్టని మోసం, అన్నీ గడగడా చదివేశాను. ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని ఒక్కచోట ఆగలేదు.

ఆఫీసరు నిజమేనా అని అడిగాడు. రిజిస్టరు భార్య రాసిన మాట నిజమేనని సారు ఒప్పుకున్నారు. సర్టిఫికెట్టు మాత్రం తనదేనని, మూడుసార్లు తప్పి నాలుగోసారి పాసయ్యానని, పుస్తకాలన్నీ చెల్లెలు చదివి వినిపిస్తే కంఠస్థం చేశానని చెప్పారు. ఇంట్లో అన్నదమ్ముల ముందు మొద్దబ్బాయి అనిపించుకున్నానని, ఆ సిగ్గుతోనే ఇన్నేళ్లూ దాచానని అన్నారు. తర్వాత జేబులోంచి ఒక అట్టముక్క తీశారు. సుద్దపెట్టె మూతను కోసి, మధ్యలో ఒక వరుస మాత్రమే కనబడేలా సన్నగా చీల్చిన అట్ట అది. మూడో తరగతి వాచకం మీద దాన్ని పెట్టి, వేలితో జరుపుకుంటూ, తడబడుతూ, వెనక్కి పోయి మళ్లీ వస్తూ ఒక పేజీ చదివారు.

అప్పుడు సమ్మక్క వంటపాక మూల నుంచి నడిచి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"సారూ, గా అట్ట నాకు గూడ ఒకటి ఇత్తరా?" అంది.

ఆఫీసరు మూడో తరగతి పిల్లల చేత వరసగా చదివించాడు. అందరూ చదివారు. ఇకమీదట రిజిస్టరు మీ చేత్తోనే రాయండి, ఎంత ఆలస్యమైనా పర్వాలేదని చెప్పి జీపెక్కబోయాడు. సారు వెంటపడి ఆ ఉత్తరం తనకిమ్మని అడిగి పుచ్చుకున్నారు. రాసినవాణ్ని పట్టుకోవడానికే తీసుకున్నారని నాకు ఆ రాత్రి కంటిమీద కునుకు పట్టలేదు.

ఆ తర్వాత మేము కలిసి పనిచేసిన ఏళ్లన్నీ నేను ఆయన్ను అనుమానిస్తూనే ఉన్నాను. ఇంటికి భోజనానికి పిలిస్తే ఇవాళ ఉత్తరం సంగతి అడుగుతారనుకునేవాణ్ని. పర్ణశాల తిరునాళ్లకు పడవలో వెళుతుంటే, గోదావరి మధ్యలో అడుగుతారనుకున్నాను. ఆయన పిట్టల గురించి చెప్పారు. పిల్లలకు మాత్రం ఒక మాట పదేపదే చెప్పేవారు: "తడబడితే ఏమైతది బిడ్డా, మళ్ల మొదలుపెట్టుకుంటవు. దాక్కుంటేనే మోకాళ్లు నొస్తయి." బోర్డు మీద ఆయన వంతు కూడా వచ్చేది. ఆయన తప్పులు పిల్లలు దిద్దేవారు, ఆయన సంబరపడేవారు. నాకు ఇల్లందు బదిలీ అయ్యాక, ఖమ్మంలో ఒక పిల్లల డాక్టరు చెబితే తెలిసింది, ఆ స్థితికి డిస్లెక్సియా అని పేరుందని, తెలివితేటలకూ దానికీ సంబంధం లేదని. పరుగున వెళ్లి చెప్పాను. "పేరు ఘనంగానే ఉంది తమ్ముడూ, అదీ నాకు నోరు తిరగట్లేదు" అని నవ్వారు.

సంతాపసభలో సమ్మక్క మాట్లాడింది. ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. రాసుకొచ్చిన కాగితం మీద అట్ట పెట్టి, వేలితో జరుపుకుంటూ, నాలుగుచోట్ల తడబడి, నాలుగుచోట్లా మళ్లీ మొదలుపెట్టి చదివింది. వేదిక మీది పెద్దలొకరు గడియారం చూసుకున్నారు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక దుర్గమ్మ వదిన ఆ రెక్సిన్ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. లోపల మడతల దగ్గర చిరిగిన ఒక కాగితం. నా ఎడమచేతి రాత.

"మీ అన్న పొద్దున్నే దీన్నే చదువుకునేవారు, అట్ట పెట్టుకుని. తనను తిట్టిన ఉత్తరం బెదరకుండా చదవగలిగితే ఇంక దేన్నైనా చదవొచ్చు అనేవారు. తడుముకోకుండా చదవడానికి రెండేళ్లు పట్టింది" అంది.

ఎవరు రాశారో ఆయనకు తెలుసా అని అడిగాను.

"ఆ రోజు ఇంటికి రాగానే చెప్పారు. ఆఫీసరుకే కొరుకుడు పడని రాతను తమ్ముడు ఎక్కడా ఆగకుండా చదివాడు దుర్గా, కొత్త కాగితాన్ని ఎవరూ అట్లా చదవరు, ఆ సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది అన్నారు. మరి అడగరేమండీ అన్నాను. నలుగురిలో నిలబెడితే ఎట్లా ఉంటుందో నేను పడ్డాను, వాణ్ని నిలబెట్టను, చెప్పాలనిపించిన రోజున వాడే చెబుతాడు అన్నారు."

పన్నెండేళ్లు ఎదురుచూశారు. అక్షరాలు నిలబడకపోయినా ఆయన నలుగురిలో నిలబడ్డారు. గడగడా చదవగలిగిన నేను వంటపాక వెనకే ఉండిపోయాను. అటువంటి గురువు ఆ అడవికి మళ్లీ దొరకడు, అటువంటి అన్న నాకు మళ్లీ దొరకడు. అన్నా, ఆలస్యమైంది. ఆ ఉత్తరం రాసింది నేనే. ఇది కుడిచేత్తో రాస్తున్నాను, కింద పేరు పెడుతున్నాను.

గుండేటి నర్సయ్య
ఉపాధ్యాయుడు, ఇల్లందు