గుమ్మం దాకా వచ్చే వణుకు

మా అమ్మ కుడిచెయ్యి వణకడం జబ్బని ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మకి తప్ప. అన్నం తింటూ పొలమారితే నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం కదా, ఆవిడ ఆ మాటని చేతికి కూడా అంటగట్టింది. నాన్న పోయిన ఏడాదే వణుకు మొదలైంది మరి. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఆగి, "మీ నాన్న తలుచుకుంటున్నారే" అనేది. నాకు ఒళ్ళు మండేది. బతికున్నప్పుడు కూరలో ఉప్పెక్కువైతే కంచం తోసేసిన మనిషి! పోయాక ఆయనగారికి ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందా?

చివరికి ముద్ద నోటిదాకా వెళ్ళని రోజులొచ్చాయి. గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. తలలోకి సన్నటి తీగలు, ఛాతీ పైభాగాన చర్మం కింద బ్యాటరీ. "ఇది ఎప్పుడూ ఒకేలా కరెంటు ఇవ్వదమ్మా. మెదడుని వింటూ ఉంటుంది. వణుకు రాబోతుంటే కనిపెట్టి కరెంటు పెంచుతుంది, తర్వాత తనే తగ్గిస్తుంది" అన్నారు డాక్టరుగారు.

"వింటుందా?" అంది అమ్మ.

చెయ్యి నిలిచింది. ఆవిడ తన చేత్తో అన్నం కలుపుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అమ్మకి మాత్రం సంతోషం లేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, తినకుండా, చేతినే చూస్తూ ఉండేది. ఉన్నట్టుండి "అదుగో, వచ్చారు" అనేది. అంతలోనే బ్యాటరీ ఉన్నచోట తడుముకుని, "పంపించేసింది" అనేది. వాకిట్లో మిరపఘాటు, ఆ వేళకి ఇంట్లో మేమిద్దరమే. "పిచ్చిమాటలు మాని తిను" అని కసిరేదాన్ని కానీ, గుమ్మం వైపు చూడాలంటే భయం వేసేది.

ఒకరోజు మెల్లగా అంది, "ఆయన మొహం గుర్తు రావట్లేదే. దగ్గరికి రానిస్తే కదా!"

మొన్న చెకప్‌కి వెళితే డాక్టరుగారు అమ్మ బ్యాటరీ మీద ఏదో ఆనించి, కంప్యూటర్లో గీతలు చూపించారు.

"అంతా బాగుందమ్మా. మధ్యాహ్నం మాత్రం దీనికి పని ఎక్కువవుతోంది, రోజూ ఇంచుమించు ఒకే వేళకి. పొద్దుటి మాత్ర పనితనం అయిపోతోందేమో. అప్పుడు మీరేం చేస్తుంటారు?"

అది నాన్న పొలం నుంచి భోజనానికి వచ్చే వేళ. అమ్మ మొహం విప్పారింది.

"ఇంకా వస్తూనే ఉన్నారే!" అంది నాతో. ఆపైన డాక్టరుగారి వైపు తిరిగి, "ఆ వేళకి కరెంటు కాస్త తగ్గించండి బాబూ" అంది.

"తగ్గిస్తే మళ్ళీ వస్తుందమ్మా."

"రానివ్వండి."