మిరప పొగ కథకి సంజాయిషీ లేదు

నేను చెప్పే మాటల్లో సగం అబద్ధాలని ప్రత్తిపాడు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఏ సగమో తెలియదు కాబట్టి ఇంకా పిలిచి కూర్చోబెడతారు. ఒకసారి ఒంగోలు గిత్త ఒకటి పొదిలి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుందని, కండక్టరు దించబోతే టిక్కెట్టు తీసి చూపించిందని చెప్పాను. అంతలావు శరీరానికి ఒక్క టిక్కెట్టే కొట్టాడా అని అడిగారే తప్ప, గిత్తని బస్సెక్కించడంలో నా ఉద్దేశమేమిటని ఒక్కరూ అడగలేదు.

మిరప పొగ కథ రాశాక అడిగారు.

ఆ కథలో ఒక మామ ఉంటాడు. కొత్త కోడలు ఎదురు సమాధానం చెప్పిందని ఆమెని గదిలోకి తోసి, నిప్పుల కుంపట్లో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి లోపలికి జరిపి, బయట గడియ పెడతాడు. పెట్టి, అరుగు మీద కూర్చుని పెరుగన్నం తింటాడు. కథంతా వాడి నోటితోనే చెప్పించాను. వాడికి మంచి హాస్యం కూడా ఇచ్చాను. లోపలి నుంచి దగ్గు వినబడుతుంటే, "ఈ ఏడు కాయ ఘాటుగానే ఉంది, రేటు పలుకుద్ది" అంటాడు. చదివినవాళ్లు నవ్వుతారు. నవ్వాక సగం మందికి ఎందుకు నవ్వామా అనిపిస్తుంది. మిగతా సగానికి అనిపించదు.

అది వారపత్రికలో వచ్చిన నాలుగు రోజులకి బస్టాండులో టీ తాగుతుంటే, వరసకి బాబాయి అయ్యే ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీ కథ చదివా. మామ భలేవోడు. ఇప్పటి కోడళ్లకి అట్టాంటోడు తగలాలి."

గ్లాసు సగంలో పెట్టేసి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి ఒంగోలు నుంచి ఫోను. నా కథల పుస్తకం వేస్తున్న ప్రెస్సాయన.

"అమ్మా, ఆ మిరప కథ మీద ఇక్కడ గొడవగా ఉందండి. మీరు ఆ మామని సమర్థించారంటున్నారు మా సాహితీ మిత్రులు."

"నేనా? వాడంటే నాకు ఒళ్లు మంట."

"ఆ మంట కథలో ఎక్కడుందండీ? మీ ఉద్దేశమేమిటో ముందు ఓ పేజీ రాసివ్వండి. లేదంటే ఆ కథ పక్కన పెట్టేద్దాం. ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పండి."

రాశాను. సిగ్గు లేకుండా మూడు పేజీలు రాశాను. 'స్త్రీలపై హింసను ఖండించడమే ఈ కథ పరమార్థం' అని మొదలవుతుంది. రెండో పేజీకి నాకే ఆవులింత వచ్చింది.

ఏది రాసినా అచ్చుకి పంపేముందు మా మిరప కల్లంలో చదవడం నాకు అలవాటు. పట్టాల మీద కాయలు పోసుకుని ఆడవాళ్లు తాలు కాయలు, అంటే రంగుపోయి తెల్లబడ్డవి, ఏరుతుంటారు. చేతులకి పని, చెవులు ఖాళీ. కథ సాగుతున్నంతసేపూ ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే నేనూ ఆగాలి. ఎక్కడ ఆగిందో అక్కడ గీత పెట్టుకుని, ఇంటికెళ్లి తిరగరాస్తాను. మిరప కథ చదివిన రోజున ఊ ఆగలేదు. కుంపటి గదిలోకి వెళ్లాక మిగతావాళ్లు ఊరుకున్నారు గానీ, కూలీల ముఠా మేస్త్రి అక్క ఒక్కతే గట్టిగా, వెంటవెంటనే కొట్టింది. సీను అదిరిపోయిందనుకుని గీత పెట్టకుండానే పత్రికకి పంపేశాను.

ఇప్పుడు ఈ మూడు పేజీలు పట్టుకెళ్లి చదివాను. మొదటి పేజీ సగానికే కల్లంలో కాయల గలగల తప్ప ఏమీ వినబడలేదు.

"అక్కా, ఊ ఏది?" అన్నాను.

"దీనికేం కొడతాం? కథ చెప్పినామె ఒకామె, ఇది చెప్పేది ఇంకొకామె" అంది మేస్త్రి అక్క.

"రెండూ నేనే. ఆ మామ దుర్మార్గుడని చెబుతున్నా."

"మాకు తెలీదా ఏంది? నువ్వు చెబితేనే తెలిసిద్దా?"

పక్కనామె తలెత్తకుండానే, "అమ్మాయికి మనందరం తాలు కాయల్లే కనబడతన్నాం" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం రోషం వచ్చింది.

"మరి ఆ రోజు అంత గట్టిగా ఎందుకు కొట్టావు అక్కా?"

"నేను ఆపితే నువ్వు ఆపేస్తావుగా. నువ్వాపితే ఆ పిల్ల పొగలోనే ఉండిపోద్ది. ఎట్టాగోట్టా బయటికి లాక్కొస్తావేమోనని కొడతా కూర్చున్నా. నువ్వేమో వాడికి పెరుగన్నం తినిపిస్తా ఉన్నావు."

"అయితే ఆ సీను తీసెయ్యమంటావా?"

"తీసేస్తే ఏమయిద్ది? మా అత్త నన్ను ఆ పొగలో పెట్టలేదని అయిద్దా?"

చెయ్యి ఆగలేదు, గొంతు మారలేదు. ఇంకో తాలు కాయ తీసి పక్కకి వేసింది. ఇరవయ్యేళ్లుగా తెలిసిన మనిషి. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది.

ఆ కల్లంలోంచి నడిచొస్తూ ఒక నిర్ణయానికొచ్చాను. నేను తలుచుకోని సంగతిని ఆమె నా కథలో చూసింది. నేను తలుచుకోని సంబరాన్ని బాబాయి చూశాడు. ఇద్దరిలో ఎవరూ నా దగ్గరికొచ్చి అనుమతి అడగలేదు, అడగక్కర్లేదు. మూడు పేజీలు చదివితే బాబాయి మారతాడా? మారడు. మేస్త్రి అక్కకి వాటితో పనే లేదు. ఇక మిగిలింది సాహితీ మిత్రులు. వాళ్లకి కావలసింది నా చేతులు శుభ్రంగా కనబడటం. శుభ్రంగా లేవు. ఆ మామ జోకులు రాస్తున్నప్పుడు ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వుకున్నాను. ఉద్దేశం చెప్పాలంటే ఆ నవ్వు కూడా చెప్పాలి. మూడు పేజీల్లో అదెక్కడా లేదు. అబద్ధాలు చెప్పి బతికేదాన్నే గానీ, కథ బయట అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. ఈ ముక్క నిజం సగంలోదే.

ఆదివారం ఫోను చేశాను. "కథ ఉంటుందండి. సంజాయిషీ ఉండదు."

"రేపు ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుంటేనో?"

"చేసుకుంటారు. వాళ్లతో నేను పోట్లాడతా. మా బస్టాండులోనే ఒకాయన ఉన్నాడు, ఆయనతో మొదలుపెడతా. మీరు ఆ కథ తీసేస్తే మిగతావి కూడా మూటగట్టి పంపించెయ్యండి."

తీయలేదు. పుస్తకం వచ్చింది. తెరిచి చూస్తే మిరప కథ పేరు కింద చిన్న చీటీ అతికించి ఉంది, 'ఈ కథలోని హింసను రచయిత్రి సమర్థించడం లేదని మనవి' అని. పెద్దమనిషి నా మేలు కోరే చేశాడు. మర్నాడు పొద్దున్నే ఒంగోలు బస్సెక్కాను. ప్రెస్సులో పుస్తకాల కట్టల మధ్య నేల మీద కూర్చుని, తడిగుడ్డతో చీటీలు ఒక్కొక్కటే ఊడబీకడం మొదలుపెట్టాను.

"ఏంటమ్మా ఇది, నా పరువు తీస్తున్నారు."

"మీదా, ఆ మామదా?"

ఆయన కాఫీ తెప్పించాడు. కొన్నిటికి జిగురు గట్టిగా పట్టింది. చీటీతో పాటు కింద ఉన్న కథ మొదటి వాక్యం కూడా ఊడొచ్చేసింది. ఆయన పెన్ను అడిగి తీసుకుని, తడి ఆరిన చోటల్లా ఆ వాక్యాన్ని తిరిగి రాశాను. 'కోడల్ని గదిలోకి తోసి, నేనే గడియ పెట్టాను.'

నా చేతిరాతలో ఆ 'నేనే' చూసి మొదటి రెండు పుస్తకాలు గబుక్కున మూసేశాను. మూడో దాన్నుంచి దాని పక్కనే సంతకం కూడా పెట్టాను.