బెల్లానికి తోడు వెతికిన అవ్వ

ఎదురింటి అవ్వ పోయిందన్న కబురు కిందటి వారం పొద్దున్నే వచ్చింది. ఈ నెలల్లో హోసూరులో తెల్లారాక కూడా చాలాసేపు మా వీధి చివర కనిపించదు. మంచులోంచి ముందు పాలబండి హారన్ వస్తుంది, తర్వాత ఎప్పటికో బండి వస్తుంది. అలాంటి వేళ, అంచెట్టి దగ్గరి పల్లె నుంచి అవ్వ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అమ్మా, అక్క రాత్రి పడుకునింది, తెల్లారి లేవలేదు," అన్నాడు. "దొరై ఆమె మంచం కిందనే ఉండాడు. ఎవురు పిలిచినా బయటికి రావడం లేదు. నువ్వొస్తే వస్తాడేమో. వస్తావా?"

దొరై అంటే ముసలి నల్ల కుక్క. రాగి కోతకొచ్చింది, ఒకసారి చేను చూసి వస్తానని అవ్వ దాన్ని వెంటబెట్టుకుని పల్లెకు పోయింది. నేను వస్తానన్నాను. మా ఆయన లేచి వచ్చేసరికి కారు తాళం చేత్తో పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నానట. తాళం ఎప్పుడు తీసుకున్నానో నాకు గుర్తు లేదు.

మా ఆయనకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చినప్పుడు మేము ఒంగోలు వైపు నుంచి వచ్చాం. ఈ ఊళ్లో తెలుగు వినిపిస్తుందని అనుకోలేదు. సామాన్లు దింపుతుంటే ఎదురింటి అరుగు మీద నుంచి ఒక గొంతు, "యాడ నుంచి వచ్చినారమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆమె తల అటూ ఇటూ ఊపి నవ్వింది. "నీ తెలుగు పరుగెత్తతాది. కొంచెం నిలబడి మాట్లాడమ్మా, నాకు అందల్ల కదా." ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడేటప్పుడు నేను కాస్త నిలబడి మాట్లాడటం నేర్చుకున్నాను. మాట్లాడటమే కాదు, కూర్చోవడం కూడా.

ఆమె భర్త బస్సు డ్రైవరు. అంచెట్టి కొండల్లోకి పోయే బస్సు నడిపేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. ఆయన పోయాక తమ్ముడు పల్లెకు రమ్మన్నా ఆమె పోలేదు. పొలంలో వాటా ఉంది, ఏటా రాగులు వస్తాయి, ఇంటి ముందు గులాబీలు ఉన్నాయి, బెల్లం ఉంది. బెల్లం ఆమె కుక్క. పల్లె నుంచి పిల్లగా తెచ్చుకుంది. రంగు కూడా కొత్త బెల్లం రంగే. కూరగాయల బండివాడితో తమిళం, పూలమ్మే ఆమెతో కన్నడం మాట్లాడే అవ్వ బెల్లంతో మాత్రం తెలుగే మాట్లాడేది. ఎందుకని అడిగితే, "దానికి ఒక భాష చాలు. మనకే చాలదు," అంది.

ఆమె మోకాలికి ఆపరేషన్ అయిన ఏడాది బెల్లం మారిపోయింది. అవ్వ నడక తగ్గింది, దాని నడకా తగ్గింది. గేటు దగ్గర గోడవైపు మొహం పెట్టి పడుకునేది. గిన్నెలో అన్నం అలాగే ఉండేది. పశువుల డాక్టరు చూసి, రోగమేమీ లేదు, ఇంకో కుక్క తోడుంటే మళ్లీ తిరుగుతుందేమో అన్నాడు.

"నేను పొద్దస్తమానం మాట్లాడతానే ఉండాను," అంది అవ్వ నాతో. "ఎంత మాట్లాడినా మనిషి మాటే కదా. దాని మాట మాట్లాడేది ఒకటి కావల్ల."

పిల్లను తేవాలా, పెద్దదాన్ని తేవాలా అన్నది ఆ తర్వాత వచ్చిన ప్రశ్న. అది ఎంత పెద్ద ప్రశ్నో నాకు అప్పుడు తెలియలేదు. మా ఆయన ఫోనులో కుక్కపిల్లల ఫోటోలు చూపించి, "పిల్లయితే బెల్లం చెప్పినట్టు పెరుగుతుందవ్వా, పెద్దదయితే దాని అలవాట్లు అది మోసుకొస్తుంది," అన్నాడు. అవ్వ ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. ఒక్కో పిల్లను చూసి నవ్వింది కూడా. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం, "పిల్లకు పదేండ్లు, పన్నెండేండ్లు ఉంటాది ఆయుస్సు. నాకుంటాదా?" అంది. మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పెద్దదాన్ని తెస్తే నాకన్నా ముందు పోతాది. మళ్లా నేనే ఏడవల్ల," అని ఆమే అంది, ఏదో బజారు సంగతి చెప్పినంత మామూలుగా.

ముందు కావేరిపట్టణం పోయాం. అక్కడ ఎవరిదో మామిడి తోటలో కుక్క ఈనిందని తెలిసింది. బెల్లాన్ని కూడా కారెక్కించమంది అవ్వ. "పెండ్లి చేసుకునేది అది. చూసుకునేది మనమా?" అంది. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అద్దంలో నాకు రెండు తెల్లబడ్డ తలలు కనిపించేవి.

ఆ తోట నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. ఆకుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతోంది. ఆ చుక్కల్లో పిల్లలు దొర్లుతున్నాయి. ఏది మచ్చో, ఏది ఎండో తెలియదు. ఒక పిల్ల నేరుగా వచ్చి బెల్లం గడ్డం కింద దూరింది, చెవి పట్టి లాగింది, వీపు ఎక్కబోయింది. బెల్లం గుర్రుమంది. పిల్ల తోక ఊపి మళ్లీ ఎక్కింది. బెల్లం వచ్చి అవ్వ కాళ్ల వెనక నిలబడింది, నడుం నొప్పి ఉన్న మనిషి రద్దీ బస్సులో నిలబడ్డట్టు. పిల్ల అప్పుడు నా ఒళ్లోకి ఎక్కి, నా వేలు కొరుకుతూ కొరుకుతూ నిద్రపోయింది. దాని పొట్ట వెచ్చగా లేస్తూ పడుతూ ఉంది.

"తీసుకోండవ్వా," అన్నాను. "బెల్లం అలవాటు పడుతుంది. మీ తర్వాత నేను చూసుకుంటాను."

అవ్వ తోటవాళ్లకు నమస్కారం పెట్టి కారెక్కింది. కృష్ణగిరి దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అప్పటిదాకా ఆ మాటే మాట్లాడుతున్నట్టు అంది. "నువ్వనింది నిజమే. నాకు నమ్మకముంది. కానీ అది పిల్ల మొహం చూసి అన్న మాటమ్మా. ముసలి కుక్క మొహం చూసి కూడా అంటావేమో చూద్దాము."

నాకు కొంచెం కోపం వచ్చింది. ఆమె టీ ఊదుకుంటూ నవ్వుతోంది.

తర్వాతి ఆదివారం కల్లావి పోయాం. అక్కడ ఒక కుటుంబం మేకలన్నీ అమ్మేసి పట్నంలో పనికి పోతోంది. మేకల కాపలాకు ఉన్న కుక్కను అద్దె ఇంటికి తీసుకుపోలేరు. ఆ ఇంటావిడ తమిళంలో అవ్వతో మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుక్క ఖాళీ మేకల దొడ్డి వాకిట్లో పడుకుని ఉంది. నల్లటిది, మూతి నెరిసింది, ఒక చెవి చివర చిరిగింది. మమ్మల్ని చూసి లేవలేదు, మొరగలేదు. దాని పేరు దొరై.

అవ్వ బెల్లాన్ని కిందికి దింపమంది, తాడు వదులుగా పట్టుకోమంది. బెల్లం చాలాసేపు గాలి వాసన చూసింది. దొరై లేచి, నేరుగా ఎదురు రాకుండా, పక్కనుంచి వంపుగా నడిచి వచ్చాడు. రెండూ ఒకదాన్నొకటి మూతి నుంచి తోక దాకా వాసన చూసుకున్నాయి. తర్వాత బెల్లం పోయి చింతచెట్టు నీడలో పడుకుంది. దొరై దానికి దగ్గరగా కాదు, దూరంగానూ కాదు, అదే నీడ అంచున పడుకున్నాడు. అంతే. ఇంకేమీ జరగలేదు. ఎక్కడో నీళ్ల మోటారు ఆడుతోంది. మేమందరం ఆ రెంటినీ చూస్తూ అలా నిలబడిపోయాం.

అవ్వ నావైపు తిరిగింది.

నేను దొరై మొహం చూశాను. కళ్లలో కాస్త పొర వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. నా ఒళ్లో నిద్రపోయిన పిల్ల గుర్తుకొచ్చింది. ఈసారి మాట వెంటనే రాలేదు. వంగి అతని వీపు మీది దుమ్ము దులుపుతూ అన్నాను. "చూసుకుంటానవ్వా."

"సరే పద," అంది. "ఈ మాట గట్టిది."

వస్తూ ఉంటే, పిల్ల మీద మనసు పోలేదా అని అడిగాను. "ఎందుకు పోలేదు? నిన్నంతా దాని పొట్టే కనిపించింది కంటికి," అంది. "కానీ పిల్లకు నేర్పల్ల. వీధి, గేటు, చెప్పు కొరికేది, ఒంటికి పోయేది, అన్నీ నేర్పల్ల. నా మోకాలు దాని వెనక పరుగెత్తదు. బెల్లం ఇంగ ఎవురికీ నేర్పే వయసులో లేదు. మా ముగ్గురికీ ఇప్పుడు కావల్సింది ఒకరిని చూసి ఒకరు ఊరికే ఉండేది."

పేరు మారుస్తారా అని అడిగితే ఉలిక్కిపడింది. "మేకలు పోయినాయి, దొడ్డి పోయింది, మనుషులు పోయినారు. దాని పేరు కూడా మనం తీసేసుకుంటే ఎట్ల?" అయితే మర్నాటి నుంచి ఆమె నోట్లో దొరై "దొరప్పా" అయ్యాడు. దానికి అతను అభ్యంతరం చెప్పలేదు.

దొరైని నేరుగా ఇంట్లోకి తీసుకుపోలేదు అవ్వ. ముందు రెంటినీ వీధిలో కలిపి నడిపించమంది. వీధి ఎవరిదీ కాదు కదా అంది. గిన్నెలు దూరం దూరంగా పెట్టింది. బెల్లం పడుకునే గోనెపట్టా జోలికి ఎవరినీ పోనివ్వలేదు. దొరై మొదట్లో గేటు బయటే పడుకునేవాడు, రావాల్సిన మేకలేవో ఇంకా రాలేదన్నట్టు. అవ్వ పిలవలేదు, బతిమాలలేదు. అరుగు మీద కూర్చుని గులాబీల్లో ఎండిన ఆకులు గిల్లుతూ ఉండేది. ఒక రోజు వాన వచ్చి, అతనే లోపలికి వచ్చి, అరుగు చివర ఒళ్లు దులుపుకుని కూర్చున్నాడు. బెల్లం తల ఎత్తి చూసి మళ్లీ పెట్టేసింది. ఆ సాయంత్రం గిన్నె ఖాళీ చేసిందని అవ్వ వీధి అవతలి నుంచే నన్ను కేకేసి చెప్పింది.

ఆ తర్వాతి రోజులు నా జ్ఞాపకంలో విడివిడిగా లేవు. ఒకటే పొడవైన మధ్యాహ్నం. నీరెండ, గులాబీల వాసన, దూరంగా బస్సు గేరు మార్చిన చప్పుడు, అరుగు మీద ముగ్గురు. పడుకున్న కుక్కల కాళ్లు నిద్రలో పరుగెత్తుతుంటే నేను లేపబోయేదాన్ని. "లేపద్దు. దొరప్ప మేకల కాడికి పోయినాడు. వస్తాడు," అనేది. నేను ఆఫీసు నుంచి తల నొప్పితో వచ్చి, ఆ అరుగు మీద కూర్చుని, ఏమీ చెప్పకుండా లేచి పోయిన సాయంత్రాలు ఎన్నో. ఆమె ఏమైందని అడిగేది కాదు. మజ్జిగ గ్లాసు నా పక్కన పెట్టేది.

బెల్లం కిందటి ఏడు పోయింది. ముసలిదాన్ని తెస్తే అదే ముందు పోతుందన్న అవ్వ లెక్క తప్పింది. బెల్లాన్ని పల్లెలో చేను గట్టున పూడ్చి వచ్చాక ఆమె చాలా రోజులు అరుగు మీద కూర్చోలేదు. దొరై ఆమె వెంట వంటింటి దాకా, బావి దాకా నడిచేవాడు. "తోడు దానికని తెచ్చినాను," అంది ఒకసారి, అతని నెరిసిన మూతి నిమురుతూ. "ఎవురికి తెచ్చినానో ఇప్పుడు తెలిసింది."

కబురు వచ్చిన ఆ పొద్దున మా ఆయనా నేనూ పల్లె చేరేసరికి మంచు విడిపోయింది. ఇంటి ముందు చుట్టాలున్నారు. ఆమెను బయట పడుకోబెట్టారు. లోపల, ఖాళీ మంచం కింద, దొరై. నేను నేల మీద పడుకుని అతని కళ్లకు సమానంగా మొహం పెట్టాను. "దొరప్పా," అన్నాను, ఆమె అన్నట్టే, నిలబడి నిలబడి. చాలాసేపటికి వచ్చాడు. నా భుజం కింద తల దూర్చాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆమెను చేను పక్కనే దహనం చేశారు. అంతా అయ్యాక ఆమె తమ్ముడు, "వీడిని నీ వెంట కొండపోతావా, ఈడనే ఉండనిద్దామా?" అని అడిగాడు. అవ్వకు మాట ఇచ్చానని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయన ఇంట్లో ఈనిన కుక్క పిల్లల్లో ఒకటి పొద్దుటి నుంచీ దొరైని వదలడం లేదు. తోక పట్టుకుంటుంది, కాళ్ల మధ్య దూరుతుంది. దొరై ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. మా ఆయన నావైపు చూశాడు. నేను ఆ పిల్ల మొహం చూశాను, ముసలి దొరై మొహం చూశాను. అవ్వ ఉంటే ఏమనేదో తెలియదు. వెనక సీట్లో రెంటికీ గోనెపట్టా పరిచాం. ఇప్పుడవి మా ఇంట్లో ఉన్నాయి. పిల్ల ఇప్పటికే నా చెప్పు ఒకటి కొరికేసింది.

కానీ అవ్వను తలుచుకుంటే నాకు కళ్ల ముందుకొచ్చేది మేము పల్లె నుంచి బయల్దేరే ముందు ఆ సాయంత్రం. దొరై ఒక్కడే లేచి రాగి చేనులోకి దిగాడు. రాగి కంకులు అతని వీపు కన్నా ఎత్తు. కుక్క కనిపించలేదు. గాలి లేని చేనులో ఒక గీత మాత్రం నెమ్మదిగా కదులుతూ బెల్లాన్ని పూడ్చిన గట్టు వైపు పోయింది. ఆ వెనకే సన్నటి గీత ఇంకొకటి, వంకరటింకరగా, ఆగుతూ, పరుగెత్తుతూ.